మైకు మింగిన అక్షరం

ఆ శనివారం ఉదయం లైబ్రరీ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందుగా కాలేజీకి వెళ్లాలి. పఠన మందిరంలో పది కుర్చీలు గుండ్రంగా వేయాలి. బల్ల మీద బిస్కెట్లు పెట్టాలి. వచ్చిన పిల్లలకు ఒక మంచి నవల్లోంచి ఓ అధ్యాయం చదివి వినిపించాలి. వాళ్లు ఏవైనా అడిగితే చెప్పాలి. భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి. ఇంతే. ఇందులో బస్సు లేదు, గడ్డం లేదు, రైలు అసలే లేదు.

"పది కుర్చీలెందుకు?" అన్నాడు ఆమె భర్త, అద్దం ముందు తల దువ్వుకుంటూ. ఆయన ఉద్యోగం బీమా కంపెనీలో. జరగబోయే నష్టాన్ని ముందే ఊహించడం ఆయన వృత్తి. "ముగ్గురొస్తే ఏడు ఖాళీగా కనిపించి నీకే దిగులు. మూడు వేసుకో. నాలుగోవాడొస్తే గర్వంగా లేచి ఇంకోటి వెయ్యొచ్చు."

"పొద్దున్నే ఆ మాటలేంటండీ! వస్తారు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా మైకులో చెప్పారు."

"మీ కాలేజీ మైకులోనా?" అని ఆయన ఇంకేదో అనబోయి, ఆమె ముఖం చూసి మానుకుని, దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

ఆమె దిగులుకు కారణం లేకపోలేదు. కాలేజీలో ఆమెను అందరూ చాటుగా 'శ్శ్ మేడం' అంటారు. ఎవరు నోరు తెరిచినా ఆమె వేలు పెదవుల మీదకు వెళ్తుంది, 'శ్శ్' అని వస్తుంది. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అన్నన్నిసార్లు ఇంకే మాటా అనలేదు. అయితే ఈమధ్య అలా అనడానికి కూడా ఎవరూ మిగల్లేదు. పిల్లలు వచ్చేది పాత ప్రశ్నపత్రాల కోసం. అవి దొరకగానే ఫోనుతో ఫొటో తీసుకుని, పుస్తకాల వైపు కన్నెత్తి చూడకుండా వెళ్లిపోతారు. ఆ ఖాళీ హాలు ప్రిన్సిపాల్ కంట్లో పడింది. విరిగిన బెంచీలు పెట్టుకోవడానికి కాలేజీలో చోటు లేదు. ఆయన ఒకరోజు టేపు పట్టుకుని వచ్చి, హాలు పొడవు వెడల్పులు కొలుచుకుని, "బాగా పడతాయి" అని తనలో తాను అనుకుంటూ వెళ్లడం ఆమె కళ్లారా చూసింది.

సరిగ్గా అప్పుడే ఒక తనిఖీ కమిటీ శనివారం ఉదయం వస్తున్నట్టు కబురు వచ్చింది. కాలేజీలకు మార్కులు వేసే కమిటీ అది. 'పాఠాలకు బయట మీ విద్యార్థులు ఏం నేర్చుకుంటున్నారు?' అన్నది వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ ఆ ప్రశ్న చదివి తలెత్తేసరికి లెక్చరర్లందరూ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. ఫిజిక్స్ లెక్చరర్‌కు శనివారం అత్తగారు వస్తున్నారు. కామర్స్ లెక్చరర్ తనే అత్తగారింటికి వెళ్తున్నాడు. అప్పుడు లైబ్రరీ మేడం చెయ్యి ఎత్తింది.

"పఠన కార్యక్రమం పెడతానండీ. ప్రతి శనివారం. పిల్లలతో కూర్చుని మంచి పుస్తకాలు చదవడం."

"వస్తారా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"వస్తారండీ."

"వస్తే హాలు మీది. రాకపోతే బెంచీలది," అన్నాడాయన. అని, మాట తప్పని మనిషి కాబట్టి, శుక్రవారం మధ్యాహ్నం స్వయంగా మైకు ముందు కూర్చున్నాడు.

ఆ మైకు సంగతి చెప్పాలి. అది ప్రిన్సిపాల్ గదిలో ఉంటుంది. దాని పెట్టెలు వరండాల్లో వేలాడుతుంటాయి. దానికి అక్షరాలు మింగే జబ్బు ఉంది. వాక్యం మధ్యలో ఉన్నట్టుండి 'గర్ర్' అంటుంది, ఆ గర్ర్‌లో ఒకటో రెండో అక్షరాలు గల్లంతైపోతాయి. ఆ రోజు వరండాల్లో వినిపించింది ఇదీ: "...ద్యార్థులారా! రేపు ఉదయం లైబ్రరీ మేడం ఆధ్వర్యంలో గర్ర్...టన కార్యక్రమం ఉంటుంది. ...సక్తి ఉన్నవాళ్లందరూ రావాలి. ...రీక్షలతో సంబంధం లేదు." ఒత్తు పెట్టి పలికారా, పెట్టకుండా పలికారా అన్న తేడా ఆ పెట్టెలు ఏనాడూ పట్టించుకోలేదు. ఇక ఆ ఖాళీలో ఎవరి మనసులో ఉన్న అక్షరం వాళ్లు వేసుకున్నారు. నిశ్శబ్దం కోసం లైబ్రరీలోకి పెట్టె రానివ్వలేదు కాబట్టి మేడం మాత్రం ఏమీ వినలేదు.

శనివారం కాలేజీ గేటు మలుపు తిరుగుతూనే ఆమె టక్కున ఆగింది. గేటు ముందు తిరునాళ్లలా జనం. ముందు ఏదో గొడవ అనుకుంది. సమ్మె అనుకుంది. ఇంతలో ఎవరో "మేడం వచ్చారు!" అని కేక పెట్టారు. వెంటనే చప్పట్లు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరు. చప్పట్లు తనకే.

ఆమె కళ్లు చెమర్చాయి. ఆ తడిలోంచి చూడటం వల్ల కాబోలు, కొన్ని విశేషాలు వెంటనే మనసుకెక్కలేదు. సగం మంది వీపున సంచులు, నెత్తిన టోపీలు, మెడలో నీళ్ల సీసాలు ఉన్నాయి. ఒకడి చంకలో దిండు ఉంది. మిగతా సగం మంది ముఖాలకు రంగులు పూసుకున్నారు. ఒకమ్మాయి అట్టముక్కతో చేసిన కిరీటం పెట్టుకుంది. ఒక పొడుగాటి కుర్రాడికి బొడ్డు దాకా తెల్లటి గడ్డం ఉంది. నిన్నటి దాకా వాడికి మీసం కూడా సరిగ్గా లేదు.

ముందుకు దూసుకొచ్చింది కెమిస్ట్రీ చదివే అమ్మాయి. ఆమె గొంతు ఆ చివరి వరండా దాకా వినిపిస్తుంది కాబట్టి కాలేజీ ఆమెకు 'సైరన్' అని పేరు పెట్టింది.

"మేడం! ఇంతకీ ఎక్కడికి తీసుకెళ్తున్నారు? చెప్పెయ్యండి మేడం, ఆగలేకపోతున్నాం!"

లైబ్రరీ మేడం చిన్నగా నవ్వింది. ఇలాంటి ప్రశ్న కోసమే ఆమె ఇన్నేళ్లుగా ఎదురు చూస్తోంది. "ఎక్కడికైనా తీసుకెళ్తాను. ముందు సముద్రం. తర్వాత మీకు ఇష్టమైతే మంచుకొండలు."

"ఒక్క రోజులోనా?"

"గంట చాలు."

గుంపులో "అబ్బో!" అన్నారు. దిండు కుర్రాడు దిండును ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

"తిరిగి ఎప్పుడొస్తాం మేడం? మా అమ్మ అడగమంది," అంది సైరన్.

"ఒకసారి వెళ్లారంటే ఇక తిరిగి రావాలనే అనిపించదమ్మా."

సైరన్ ఒక్క అడుగు వెనక్కి వేసి, ఫోన్ తీసి, "అమ్మా, రాత్రికి నాకు వండకు," అంది. ఆమె గుసగుసగానే అన్నాననుకుంది. రోడ్డు అవతల దుకాణంవాళ్లు కూడా తలెత్తి చూశారు.

ఈలోగా గడ్డం కుర్రాడు వినయంగా వంగి నిలబడ్డాడు. "మేడం, నాకు ముఖ్యపాత్ర దొరుకుతుందా?"

"ముఖ్యపాత్ర ఏంటి నాన్నా! మనసు పెడితే ప్రతి పాత్రా నువ్వే అయిపోతావు."

"అన్ని పాత్రలూ నేనేనా!" అన్నాడు వాడు, గడ్డం ఓ పక్క ఊడి వేలాడేంత సంతోషంతో. వెనక్కి తిరిగి, "ఒరేయ్, విన్నారా? అన్ని పాత్రలూ నాకేనట!" అన్నాడు. దాంతో రంగులు పూసుకున్న వర్గంలో కలకలం మొదలైంది. కిరీటం అమ్మాయి, "మరి నేనెందుకు తెల్లారకుండా లేచి ఇది అతికించుకున్నాను?" అని నిలదీసింది.

'పాత్రల గురించి కొట్టుకునేంత ఇష్టమా సాహిత్యం అంటే!' అనుకుంది మేడం. ఆనందంతో ఉక్కిరిబిక్కిరవుతూ వాళ్లందరినీ పఠన మందిరానికి నడిపించింది. పది కుర్చీల చుట్టూ ఆ జనమంతా నిలబడ్డారు. బిస్కెట్లు కళ్ల ముందే మాయమయ్యాయి. ఆమె ఫోను, సంచీ బల్ల మీద పెట్టి, నవల చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుంది.

"మేడం, స్టేజీ ఏది?" అన్నాడు గడ్డం.

"మేడం, బస్సేది?" అంది సైరన్.

"స్టేజీ ఎందుకు? బస్సెందుకు?" అంది మేడం.

"నటన నేర్పుతామన్నారుగా!"

"నటనేంటి? పర్యటన అన్నారు!"

అప్పటికి ఆమెకు మైకు జబ్బు గుర్తొచ్చింది. మైకు మింగిన అక్షరం ఏమిటో, దాని స్థానంలో ఎవరు ఏది కూర్చుకున్నారో అర్థమైంది. చేతిలో పుస్తకం బరువెక్కింది.

"పఠన... మనం చదువుకోవడం. అందుకు ఎవరూ రాలేదా?" అంది నీరసంగా.

వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. "నేనొచ్చాను మేడం."

"నిజంగానా నాన్నా!"

"అవును మేడం. పోయిన ఏడాది లెక్కల పేపరు ఉందా?"

ఆమె జవాబు చెప్పేలోపు బయట నుంచి బస్సు హారన్ మోగింది. కాలేజీ బస్సు డ్రైవరు కూడా ఆ మైకు విన్నవాడే. పర్యటన అని విని, పొద్దున్నే బండి కడిగి, అద్దాలు తుడిచి, ఇంజన్ వేడి చేసి మరీ తెచ్చి నిలబెట్టాడు. "బస్సొచ్చింది! బస్సొచ్చింది!" అని సంచులవాళ్లు పరుగు తీశారు. వాళ్లెక్కితే తామెక్కడ మిగిలిపోతామోనని రంగులవాళ్లూ పరుగు తీశారు. లెక్కల పేపరు కుర్రాడు కూడా ఎందుకైనా మంచిదని వాళ్ల వెనకే వెళ్లాడు. ఒక్క నిమిషంలో హాలు ఎప్పటిలా అయిపోయింది. ఖాళీ బిస్కెట్ల పళ్లెం ఒక్కటే కొత్త.

పదకొండింటికి కమిటీ వస్తుంది. హాలులో ఈగ కూడా లేదు. మేడం పుస్తకం చేత్తో పట్టుకునే బస్సు దగ్గరకు పరుగెత్తింది. లోపల యుద్ధం జరుగుతోంది. కిటికీ సీటు కోసం కొందరు, కథానాయకుడి వేషం కోసం కొందరు. గడ్డం కుర్రాడు ముందు నిలబడి, "ఆపండి రథాన్ని!" అని సాధన చేస్తున్నాడు. రథం ఇంకా కదలనే లేదు.

"దిగండి! అందరూ దిగండి!" అంది మేడం మెట్టెక్కి. ఎవరూ వినలేదు. "శ్శ్!" అంది. పాతికేళ్లుగా గదిలో పనిచేసిన ఆ శబ్దం బస్సులో పనిచేయలేదు. ఇక లాభం లేదని, వాళ్ల దృష్టి ఇటు తిప్పడానికి, బస్సు రేకు మీద అరచేత్తో దబ్ దబ్‌మని రెండు దెబ్బలు వేసింది.

డ్రైవరు ఈ కాలేజీకి రాకముందు చాలా కాలం సిటీ బస్సు తోలాడు. రేకు మీద రెండు దెబ్బలు పడితే బండి కదలాలి అన్నది ఆయన నరనరాల్లో పాకిపోయింది. నిద్రలో భార్య తలుపు తట్టినా కాలు గేరు కోసం వెతుకుతుందట. బస్సు ఒక్క ఊపుతో గేటు దాటింది. మేడం వెళ్లి దిండు కుర్రాడి దిండు మీద పడింది. ఆ రోజు ఆమెకు దొరికిన మొదటి అదృష్టం అదే.

"ఆపండి!" అని అరిచింది లేచి.

"ఆపండి రథాన్ని!" అన్నాడు గడ్డం, ఆమె తనకు అందించిందనుకుని.

"ఈ అరుపులు ఇందాకట్నుంచీ వింటున్నాలే," అని డ్రైవరు గేరు మార్చాడు.

ఆమె సీట్లు పట్టుకుంటూ ఆయన దగ్గరకు చేరేసరికి కాలేజీ కనుమరుగైంది. "అయ్యా, నిజంగానే ఆపమంటున్నాను!"

"ఇక్కడాపితే ఫైనేస్తారమ్మా. కాస్త వెడల్పు రోడ్డు రానివ్వండి, తిప్పేస్తాను," అన్నాడాయన. కానీ వెడల్పు రోడ్డు రాకముందే రైలు గేటు వచ్చింది. అది మూసి ఉంది. ఎదర నాలుగు కార్లు, ఓ నల్ల కారు, వెనక అప్పుడే చేరిన లారీలు. పట్టాల మీద ఒక గూడ్సు రైలు తీరిగ్గా నిలబడి ఉంది. దానికి ఎక్కడికీ వెళ్లే ఉద్దేశం ఉన్నట్టు కనిపించలేదు.

డ్రైవరు ఇంజన్ ఆపి, "ఇక వెనక్కి లేదు, ముందుకు లేదు," అన్నాడు.

మేడం ఇంజన్ పక్కనున్న సీటులో కూలబడింది. అయిపోయింది. కమిటీ వస్తుంది, ఖాళీ కుర్చీలు చూస్తుంది, వెళ్తుంది. సోమవారానికి విరిగిన బెంచీలు వచ్చేస్తాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినప్పుడు ఆమె చిన్నప్పటి నుంచీ చేసే పని ఒక్కటే. చేతిలో ఉన్న పుస్తకం తెరిచి, పెదవులు కదుపుతూ తనకోసం తాను చదువుకోసాగింది. సముద్రం మధ్య ఒక దీపస్తంభం. దాని కాపలాదారు తుపాను రాత్రి మాయమవుతాడు. అతని కూతురు ఒక్కతే, చిల్లు పడవలో, నాన్నను వెతకడానికి బయల్దేరుతుంది.

వెనక సీటులోని కిరీటం అమ్మాయి మెడ సాచింది. "పడవకు చిల్లుందని ఆ పిల్లకు తెలుసా మేడం?"

"తెలుసు," అంది మేడం తలెత్తకుండా.

"తెలిసీ ఎక్కిందా! ఒరేయ్, కాస్త నోరు మూయండిరా, వినబడట్లేదు. గట్టిగా చదవండి మేడం."

ఆమె గొంతు కొంచెం పెంచింది. దగ్గరున్నవాళ్లు వెనకవాళ్ల నోళ్లు మూయించారు. వాళ్లు ఇంకా వెనకవాళ్లవి మూయించారు. అలా నిశ్శబ్దం వరసలు దాటుకుంటూ బస్సు చివరిదాకా వెళ్లింది. ఒంటికన్ను కెప్టెన్ ఓడ ఎదురయ్యే చోటు వచ్చేసరికి గడ్డం కుర్రాడు ఇక కూర్చోలేకపోయాడు. ఒక కన్ను చేత్తో మూసుకుని లేచి, "ఎవరే నువ్వు, పిల్లా? ఈ నీళ్లు నావి!" అని గర్జించాడు. మేడం ఉలిక్కిపడి చూసి, ఆగకుండా పిల్ల జవాబు చదవబోయింది. ఆ వాక్యం ఆమె భుజం మీదుగా చూసి సైరన్ అందుకుంది. "నీళ్లు నీవైతే, మునిగేవాళ్లు కూడా నీ బాధ్యతే!" ఆ గొంతుకు గేటు అవతలి గూడ్సు రైలు గార్డు కూడా ఇటు చూశాడు. తుపాను రాగానే సంచులవాళ్లు నీళ్ల సీసాలు తీసి పైకి చిలకరించారు. దిండు కుర్రాడు దిండు ఊపుతూ గాలి పుట్టించాడు. డ్రైవరు కూడా, ఎవరూ చెప్పకుండానే, వైపర్లు ఆన్ చేశాడు.

ముందున్న నల్ల కారులోంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ దిగింది. ఈ కేకలేమిటో, బస్సులో ఎవరికేం ప్రమాదమో కనుక్కుందామని వచ్చి మెట్టెక్కింది. "ఇక్కడేం జరుగు..." అని ఆమె అంటుండగానే మేడం పుస్తకంలోంచి తలెత్తకుండా వేలు పెదవుల మీద పెట్టింది.

"శ్శ్! ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనక్కెళ్లి కూర్చోండి."

పెద్దావిడను ఎవరైనా అలా అని ఎన్నేళ్లయిందో! ఆమె నోరు మూసుకుని బుద్ధిగా వెనక్కి వెళ్లి, లెక్కల పేపరు కుర్రాడి పక్కన కూర్చుంది. కాసేపటికి ఆమెను వెతుక్కుంటూ ఇద్దరు టై కట్టుకున్న పెద్దమనుషులు వచ్చారు. "మేడం, మనకు టైమవుతోం..." అన్నాడు ఒకాయన. "శ్శ్!" అంది పెద్దావిడ. వాళ్లిద్దరూ ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. తుపాను నీళ్లు వాళ్ల టైల మీద పడ్డాయి. వాళ్లు పట్టించుకోలేదు.

పడవలో నీళ్లు మోకాలి దాకా వచ్చిన సమయాన పెద్దావిడ ఫోన్ మోగింది. బస్సంతా ఆమె వైపు కోపంగా చూసింది. ఆమె కంగారులో ఏదో నొక్కింది, అవతలి గొంతు బస్సు మొత్తానికీ వినిపించింది.

"నమస్కారం మేడం! ప్రిన్సిపాల్‌ని మాట్లాడుతున్నాను. ఎక్కడిదాకా వచ్చారు? మా విద్యార్థులందరూ పఠన మందిరంలో కూర్చుని, నిశ్శబ్దంగా చదువుకుంటూ, మీకోసం ఎదురు చూస్తున్నారు."

పెద్దావిడ ఎదుటి సీటు వెనక పెద్ద అక్షరాలతో రాసి ఉన్న కాలేజీ పేరు చదివింది. చుట్టూ చూసింది. "అలాగా! ఎంతమంది ఉంటారు?" అంది మెల్లగా.

"హాలు కిటకిటలాడుతోంది మేడం! కుర్చీలు చాలక కొందరు నిలబడి చదువుతున్నారు!"

"మీ లైబ్రేరియన్ ఉన్నారా?"

"ఇక్కడే, నా పక్కనే ఉంది. ఒక్క క్షణం... ఇప్పుడే అలా... పుస్తకం తేవడానికి వెళ్లింది."

లైబ్రరీ మేడం చేతిలో నవల టక్కున మూసుకుంది. వీళ్లు కమిటీ! దారి తప్పి, కాలేజీ దాటి ఇటొచ్చేశారు! కమిటీ పెద్దావిడను తను కసిరి వెనక్కి పంపింది! కమిటీ టైలు తడిసిపోయాయి! గడ్డం కుర్రాడు మెల్లగా గడ్డం పీకి జేబులో దాచుకున్నాడు.

పెద్దావిడ ఫోన్ పెట్టేసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, సూటిగా ముందుకు చూసింది.

"పుస్తకం మూశారేంటండీ? అక్కడ పడవ మునిగిపోతుంటే!"

అదే సమయానికి గూడ్సు రైలు కదిలింది, గేటు లేచింది. వెనక లారీలు హారన్లు మోగించాయి. బస్సు మాత్రం కదల్లేదు. డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని వింటున్నాడు. చివరికి లారీవాళ్లు దిగొచ్చి రేకు మీద దబదబా బాదితేగాని ఆయన కాలు కదల్లేదు. తిరుగు ప్రయాణం పొడుగునా చదువు సాగింది. కమిటీ బస్సులోనే ఉండిపోయింది. వాళ్ల నల్ల కారు ఖాళీగా వెనక వచ్చింది.

కాలేజీలో ప్రిన్సిపాల్ పరిస్థితి వర్ణించడం కష్టం. పొద్దున్న వచ్చేసరికి పిల్లలు లేరు, మేడం లేదు, బస్సు లేదు. మేడం ఫోన్ హాలులో బల్ల మీదే మోగుతోంది. కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఆయన ఒక ఉపాయం పన్నాడు. క్యాంటీన్ వంటాయనను, తోటమాలిని, వాచ్‌మన్‌ను, గోడలకు సున్నం వేస్తున్న ఇద్దరిని హాలులో కూర్చోబెట్టి, తలొక లావుపాటి పుస్తకం చేతికిచ్చాడు. "ఎవరేమడిగినా విద్యార్థులమని చెప్పండి. తలెత్తకండి," అన్నాడు. వంటాయన పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. వాచ్‌మన్ అప్పటికే నిద్రపోయాడు. 'లోతైన అధ్యయనం' అనుకోవచ్చులెమ్మని ప్రిన్సిపాల్ లేపలేదు.

కమిటీ లోపలికి వచ్చింది. వాళ్ల వెనక లైబ్రరీ మేడం, ఆమె వెనక రంగుల ముఖాలు, సంచులు, కిరీటం, దిండు. ప్రిన్సిపాల్ వాళ్లను చూశాడు, కమిటీ తడిసిన టైలను చూశాడు.

పెద్దావిడ నేరుగా వంటాయన దగ్గరకు వెళ్లింది. "ఏ ఇయర్ నాన్నా?"

"ఇక్కడికొచ్చి పన్నెండో ఏడండీ," అన్నాడాయన, తలెత్తకుండా.

"ఇంకా పాస్ కాలేదా?"

"పాసెందుకండీ, రెండు పూటలా వండుతున్నాగా!"

ప్రిన్సిపాల్ కళ్లు మూసుకున్నాడు. ఆయనకు తన పెన్షన్ కనిపించింది, దూరంగా, చెయ్యి ఊపుతూ. మళ్లీ కళ్లు తెరిచేసరికి పెద్దావిడ నవ్వుతోంది.

"చూశారా," అంది తన తోటివాళ్లతో. "వంటాయన దగ్గర్నుంచి తోటమాలి దాకా శనివారమైతే పుస్తకం పట్టుకుంటున్నారు. ఇలాంటి కాలేజీని ఇప్పటిదాకా చూడలేదు." ఆ మాట మనస్ఫూర్తిగా అందో, వెటకారంగా అందో ప్రిన్సిపాల్‌కు ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. అడిగే ధైర్యం ఆయనకు లేదు.

"ఇంతకీ మీ పిల్లలకు పాఠాలకు బయట నేర్పుతున్న ఈ పద్ధతి పేరేమిటి?" అని అడిగింది.

"పఠన," అంది లైబ్రరీ మేడం.

"నటన," అన్నాడు గడ్డం కుర్రాడు.

"పర్యటన," అన్నాడు గుమ్మంలోంచి డ్రైవరు.

పెద్దావిడ మూడూ రాసుకుంది. "ఇన్నాళ్లుగా తిరుగుతున్నాం. ఏ కాలేజీకి వెళ్లినా ఒకటి చూపించి మూడంటారు. మూడు కలిపి ఒకటే చేస్తున్నది మీరే," అని, కాలేజీకి ఆ విభాగంలో పూర్తి మార్కులు వేసింది. వెళ్తూ వెళ్తూ లైబ్రరీ మేడంను పక్కకు పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ పిల్లకు నాన్న దొరుకుతాడా?"

"అది వచ్చే శనివారం," అంది మేడం.

ప్రిన్సిపాల్ ఆ సాయంత్రమే విరిగిన బెంచీలు అమ్మేయమని చెప్పాడు. "ఈ కార్యక్రమం ఆలోచన అసలు నాకు చాలా కాలంగా ఉంది," అని ఫిజిక్స్ లెక్చరర్‌తో అంటుంటే మేడం విని, బిస్కెట్ల పళ్లెం కడగడానికి వెళ్లింది. సోమవారం ఆమె లైబ్రరీ తలుపు తీసేసరికి గుమ్మం ముందు గుంపు ఉంది. చివరి అధ్యాయం ఇప్పుడే చూడాలని సైరన్, ముందు తనకే కావాలని కిరీటం అమ్మాయి. లెక్కల పేపరు కుర్రాడు ఆ నవల పోయిన ఏడాది పరీక్షలో వచ్చిందా అని అడిగాడు. హాలు సంతలా మోగిపోయింది. మేడం అలవాటుగా వేలు పెదవుల దాకా తీసుకెళ్లింది. తీసుకెళ్లి, ఆ వేలితో కళ్లజోడు సవరించుకుని, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

ఆ తర్వాతి శనివారం హాలులో చదివి చూశారు. బాగానే ఉంది గాని, గడ్డం కుర్రాడికి ఊపు రాలేదు, దిండు కుర్రాడికి నిద్ర వచ్చింది. తుపాను వచ్చినా వైపర్లు లేవు. అందరూ ఏకగ్రీవంగా డ్రైవరు వైపు చూశారు. అప్పట్నుంచి శనివారం శనివారం బస్సు నిండా జనంతో రైలు గేటుకు వెళ్లడం ఆనవాయితీ అయింది. పెద్దావిడ నల్ల కారు కూడా ఒకటి రెండుసార్లు, తనిఖీ పేరుతో, అక్కడ కనిపించింది. ఆ ఊళ్లో రైలు గేటు తెరిచి ఉందని విసుక్కునేవాళ్లు ఈ కాలేజీవాళ్లొక్కరే.